సైకిల్ క్లాసులో నాబ్ మీ చేతిలోనే ఉంది: ఎంత బిగించాలి, ఎప్పుడు తగ్గించాలి

జిమ్‌లో ఆడవాళ్ల బ్యాచ్. వరుసగా పది, పన్నెండు సైకిళ్లు. ఒక్కటీ ముందుకు కదలదు. లైట్లు తగ్గుతాయి, పాట మొదలవుతుంది. ఎదురుగా సైకిల్ మీద కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ మైక్‌లో గట్టిగా చెబుతుంది: "ఒక ఫుల్ టర్న్ పెంచండి!" అందరి చేతులూ నాబ్ మీదికి వెళ్తాయి. వెనక వరుసలో ఉన్న 45 ఏళ్ల తల్లికి అదే మొదటి రోజు అనుకోండి. పక్కన కాలేజీ అమ్మాయి తిప్పింది కదా అని తనూ తిప్పుతుంది. రెండు నిమిషాలకే ఊపిరి అందదు, తొడలు మండుతాయి. మధ్యలో ఆపేస్తే నలుగురూ చూస్తారని సిగ్గు. పళ్లు బిగబట్టి 45 నిమిషాలూ తొక్కేస్తుంది.

మర్నాడు మెట్లు దిగలేదు. నమాజులో కూర్చుని లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు: "మనకెందుకమ్మీ ఇవన్నీ?" మూడు నెలల ఫీజు కట్టేసి ఉన్నా ఇక ఆ గడప తొక్కదు.

ఇది చాలా ఇళ్లలో జరిగే కథే. తప్పు ఆమె వయసుదీ కాదు, ఒంటిదీ కాదు. నాబ్ ఎంత తిప్పాలో నిర్ణయించే హక్కు తనదేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. గ్రూప్ సైక్లింగ్ క్లాసులో నేర్చుకోవాల్సిన మొదటి పాఠం అదే.

అసలు ఈ క్లాసు ఎక్కడిది?

ఒకే గదిలో చాలామంది కలిసి, పాటలకు తగ్గట్టు నిలబడి ఉన్న సైకిళ్లు తొక్కే పద్ధతి 1980ల చివర్లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో పుట్టింది. దక్షిణాఫ్రికా నుంచి వెళ్లిన సైక్లిస్ట్ జానీ గోల్డ్‌బర్గ్ దీన్ని మొదలుపెట్టాడు. రోడ్డు మీద తొక్కే సాధనను ఇంటి లోపల చేయడానికి సైకిల్ తయారు చేసుకుని, తర్వాత దాన్ని క్లాసుగా మార్చాడు. దానికి పెట్టిన 'స్పిన్నింగ్' అనే పేరు ఒక కంపెనీ ట్రేడ్‌మార్క్. మన దగ్గర మాత్రం ఏ కంపెనీ సైకిల్ అయినా 'స్పిన్ క్లాస్' అనే అంటాం.

ఈ క్లాసులో ఒక పెద్ద సౌకర్యం ఉంది. గ్రూప్ రన్నింగ్‌లో నెమ్మదిగా వెళ్లేవాళ్లు వెనకబడిపోతారు. ఇక్కడ ఎవరూ వెనకబడరు. సైకిల్ ఉన్నచోటే ఉంటుంది కాబట్టి 22 ఏళ్ల కూతురు, 48 ఏళ్ల తల్లి పక్కపక్కనే కూర్చుని ఒకే పాటకు తొక్కొచ్చు. కూతురు కొండ ఎక్కుతున్నంత కష్టపడొచ్చు, తల్లి చదును రోడ్డు మీద వెళ్తున్నంత తేలిగ్గా తొక్కొచ్చు. చూసేవాళ్లకు తేడా కూడా తెలియదు.

మనకు ఇలాంటి అవకాశం అవసరం కూడా. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, 2022లో దేశంలోని పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. మహిళల్లో ఇది 57 శాతం, పురుషుల్లో 42 శాతం. బయట వాకింగ్‌కు వెళ్లడానికి వీలుపడని ఆడవాళ్లకు, నాలుగు గోడల మధ్య జరిగే ఆడవాళ్ల బ్యాచ్ పెద్ద ఆసరా. అలాంటిది మొదటి రోజు అనుభవం వల్లే మానేస్తే నష్టం చిన్నది కాదు.

'ఒక టర్న్' అనేది కొలత కాదు

తులం బంగారం అంటే ఏ షాపులోనైనా అంతే బరువు. నాబ్ మీద 'ఒక టర్న్' అలా కాదు.

చాలా జిమ్ సైకిళ్లలో ముందు ఒక బరువైన చక్రం ఉంటుంది. దీన్ని ఫ్లైవీల్ అంటారు. నాబ్ తిప్పితే కొన్ని సైకిళ్లలో ఒక ప్యాడ్ ఆ చక్రాన్ని గట్టిగా ఒరుసుకుంటుంది. మరికొన్నింట్లో అయస్కాంతాలు చక్రానికి దగ్గరగా వస్తాయి. ఎలా అయినా తొక్కడం బరువవుతుంది. దీన్నే రెసిస్టెన్స్ అంటారు. ప్యాడ్ కొత్తదైతే ఒకలా పట్టుకుంటుంది, అరిగిపోతే ఇంకోలా. పక్కపక్కన ఉన్న రెండు సైకిళ్ల మీద ఒకే 'టర్న్'కు వేర్వేరు బరువు రావడం మామూలే. పైగా మీరు ఎక్కడి నుంచి మొదలుపెట్టి ఆ టర్న్ తిప్పారన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

ఇక రెండో విషయం వేగం. నిమిషానికి పెడల్ ఎన్నిసార్లు తిరుగుతుందో దాన్ని ఆర్‌పీఎం అంటారు. మీ ఒంటి మీద పడే మొత్తం పనికి లెక్క సులువే. ఎంత బరువు పెట్టారు, ఎంత వేగంగా తిప్పారు అనే రెండింటినీ గుణిస్తే వచ్చేదే పని. కొన్ని సైకిళ్ల స్క్రీన్ మీద వాట్లలో కనిపించేది ఇదే. ప్యాడ్ ఉన్న సైకిల్‌లో నాబ్‌ను అసలు ముట్టుకోకుండా వేగాన్ని 60 నుంచి 90కి పెంచితే పని ఒకటిన్నర రెట్లు అవుతుంది. అయస్కాంతం ఉన్న సైకిల్‌లో అంతకంటే ఎక్కువే పెరుగుతుంది.

అంటే భారం పెంచడానికి, తగ్గించడానికి మీ దగ్గర రెండు తాళాలున్నాయి. ఒకటి నాబ్, ఇంకోటి కాళ్ల వేగం. ఇన్‌స్ట్రక్టర్ "పెంచండి" అన్నప్పుడు ఆమె మొత్తం గదిని ఉద్దేశించి చెబుతోంది. రాత్రి మీరు ఎన్ని గంటలు పడుకున్నారో, పొద్దున టిఫిన్ తిన్నారో లేదో, మీ మోకాలు ఎలా ఉందో ఆమెకు తెలియదు. ఆమె మాట దిశ చూపిస్తుంది. ఎంత అన్నది మీరే తేల్చుకోవాలి.

ఊపిరే అసలైన మీటర్

మరి ఎంత అని ఎలా తెలుస్తుంది? అన్నింటికంటే నమ్మకమైన పద్ధతికి పైసా ఖర్చు లేదు. దాన్ని టాక్ టెస్ట్ అంటారు, అంటే మాట పరీక్ష.

తొక్కుతూ పక్కవాళ్లతో మామూలుగా మాట్లాడగలుగుతున్నారా? పాట కూడా పాడగలుగుతారా? అయితే శ్రమ తేలికగా ఉంది. మాట్లాడగలరు కానీ పాటగానీ నాత్‌గానీ పాడాలంటే ఊపిరి చాలదా? అది మధ్యస్థ శ్రమ. రెండు మూడు మాటలకే ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తోందా? అది తీవ్ర శ్రమ. ఒక్క మాట కూడా రావట్లేదంటే హద్దు దగ్గరికి వచ్చేశారు. కొత్తవాళ్లు అక్కడికి వెళ్లాల్సిన పనే లేదు.

క్లాసులో మాట్లాడుతూ కూర్చోలేం కదా అంటారా? నోటిలోనే ఒక వాక్యం చెప్పుకుంటే చాలు. "ఇవాళ రాత్రికి దాల్చా చేయాలి, గోంగూర కూడా తేవాలి" అని ఒక్క ఊపిరిలో అనగలిగితే మీరు మధ్యస్థంలో ఉన్నారు. "ఇవాళ" దగ్గరే ఆగిపోతే నాబ్ తగ్గించండి.

దీనికి తోడుగా 0 నుంచి 10 వరకు మార్కులు వేసుకునే పద్ధతి ఉంది. శ్రమ ఎంత అనిపిస్తోందో మనిషే అంకె చెప్పే ఈ ఆలోచనను స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ ప్రచారంలోకి తెచ్చాడు. ఊరికే కూర్చుంటే 0. ఇక ఒక్క క్షణం కూడా కుదరదు అనిపిస్తే 10. మధ్యస్థ శ్రమ 5, 6 దగ్గర ఉంటుంది. తీవ్ర శ్రమ 7, 8. ఇన్‌స్ట్రక్టర్ "ఇప్పుడు 7కి రండి" అంటే అది మీ 7. పక్క సైకిల్ అమ్మాయి 7కు మీ 7కు పోలికే లేదు. ఆమె నాబ్ మీ కంటే రెండు టర్న్‌లు ఎక్కువ ఉండొచ్చు, ఇద్దరూ ఒకే మార్కు దగ్గర ఉన్నట్టే.

గుండె చప్పుడు లెక్క

చేతికి వాచీ పెట్టుకునేవాళ్లు హార్ట్ రేట్ చూస్తారు. దాని లెక్క కూడా తెలుసుకోవడం మంచిది. గుండె గరిష్ఠంగా ఎంత వేగంగా కొట్టుకోగలదో అంచనా వేయడానికి 220 నుంచి వయసు తీసేయడం పాత పద్ధతి. 45 ఏళ్లకు 175 వస్తుంది. అందులో 64 నుంచి 76 శాతం మధ్య ఉంటే, అంటే నిమిషానికి సుమారు 112 నుంచి 133 ఉంటే మధ్యస్థ శ్రమ. 77 నుంచి 93 శాతం, అంటే సుమారు 135 నుంచి 163 వరకు తీవ్ర శ్రమ.

2001లో వచ్చిన ఇంకో సూత్రం ఉంది. వయసును 0.7తో గుణించి, వచ్చిన దాన్ని 208 నుంచి తీసేయాలి. 45 ఏళ్లవాళ్లకు రెండు సూత్రాలూ దాదాపు ఒకే అంకె ఇస్తాయి. 65 ఏళ్లకు మాత్రం పాత సూత్రం 155 అంటే, కొత్తది 162 పైన చూపిస్తుంది. ఏదైనా అంచనాయే. ఒకే వయసున్న ఇద్దరిలో అసలు గరిష్ఠం పది, పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలు విషయం. కాబట్టి వాచీ అంకెను బ్యాంకు బ్యాలెన్స్‌లా నమ్మకండి. దాన్ని అంచనా బడ్జెట్‌లా చూడండి.

ఇంకో చిక్కు ఏంటంటే గుండె కాస్త ఆలస్యంగా స్పందిస్తుంది. నాబ్ బిగించిన వెంటనే తొడలకు తెలుస్తుంది, వాచీలో అంకె పెరగడానికి కొంత సమయం పడుతుంది. 30 సెకన్ల పరుగు అయిపోయాక గానీ వాచీ అసలు సంగతి చెప్పదు. హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నప్పుడు మణికట్టు వాచీ తప్పు చూపించే అవకాశం కూడా ఉంది. గాలి ఆడని వేడి గదిలో అదే బరువుకు గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. అందుకే చిన్న చిన్న రౌండ్లలో ఊపిరిని నమ్మాలి, పొడవైన రౌండ్లలో వాచీని కూడా చూసుకోవచ్చు.

నాబ్ తగ్గించాలా, వేగం తగ్గించాలా?

కష్టంగా ఉన్నప్పుడు ఏది మార్చాలి? ఒళ్లే చెబుతుంది. తొడలు మండుతూ ఊపిరి మాత్రం బాగానే ఉంటే బరువు ఎక్కువైందని అర్థం. నాబ్ కొంచెం వదలండి. కాళ్లు తేలికగా ఉండి ఊపిరి మాత్రం ఎగపోస్తుంటే వేగం ఎక్కువైంది. కాళ్లు నెమ్మది చేయండి. రెండూ ఇబ్బందిగా ఉంటే రెండూ తగ్గించండి.

స్పిన్నింగ్ పద్ధతిలో చదును రోడ్డు అనుకుని తొక్కేటప్పుడు 80 నుంచి 110 ఆర్‌పీఎం, కొండ అనుకుని తొక్కేటప్పుడు 60 నుంచి 80 ఆర్‌పీఎం మధ్య ఉండమంటారు. స్క్రీన్ లేని సైకిల్ అయితే 15 సెకన్లలో కుడి మోకాలు ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 20 సార్లు వస్తే 80.

60 కంటే తక్కువకు పడిపోతూ ఒళ్లంతా ఊపి తొక్కాల్సి వస్తే బరువు మరీ ఎక్కువైంది, మోకాలి మీద ఒత్తిడి పడుతుంది. కాళ్లు గిరగిరా తిరుగుతూ మీరు సీటు మీద ఎగిరెగిరి పడుతుంటే బరువు మరీ తక్కువైంది. చాలామంది రెండో దాన్ని తేలిక అనుకుంటారు. అక్కడ మీరు చక్రాన్ని తిప్పట్లేదు, చక్రమే మీ కాళ్లను తిప్పుతోంది. ఒంటికి వ్యాయామం తక్కువ, కీళ్లకు కుదుపు ఎక్కువ. అలాంటప్పుడు నాబ్ కొంచెం పెంచితేనే మంచిది. భారం సర్దుకోవడం అంటే ఎప్పుడూ తగ్గించడమే కాదు.

సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కమన్నప్పుడు ముందు నాబ్ పెంచి, ఆ తర్వాతే లేవాలి. పెడల్ కింద కాలికి పట్టు లేకుండా లేస్తే బరువంతా మోకాళ్ల మీద, హ్యాండిల్ మీద పడుతుంది. మొదటి కొన్ని క్లాసుల్లో లేవకపోయినా ఏమీ పోదు. కూర్చునే అదే రౌండ్ తొక్కొచ్చు.

ఒక జాగ్రత్త మరిచిపోవద్దు. చాలా జిమ్ సైకిళ్లలో ఇంటి సైకిల్‌లా తొక్కడం ఆపితే పెడల్ ఆగదు. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడల్ కూడా తిరుగుతూనే ఉంటుంది. వేగంగా ఉన్నప్పుడు కాలు బయటికి తీస్తే దెబ్బ తగులుతుంది. వెంటనే ఆపాలంటే చాలా సైకిళ్లలో అదే నాబ్‌ను కిందికి గట్టిగా నొక్కితే బ్రేక్ పడుతుంది. క్లాసు మొదలవకముందే మీ సైకిల్ బ్రేక్ ఎలా పనిచేస్తుందో అడిగి తెలుసుకోండి.

సీటు, బట్టలు సరిగ్గా ఉంటేనే లెక్క సరిపోతుంది

సీటు ఎత్తు తప్పైతే తక్కువ బరువుకే మోకాలు నొప్పి పుడుతుంది, మీరేమో బరువు ఎక్కువైందనుకుంటారు. సైకిల్ పక్కన నిలబడితే సీటు దాదాపు నడుము కింద తుంటి ఎముక ఎత్తులో ఉండాలి. పెడల్ పూర్తిగా కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. పూర్తిగా చాచుకుపోకూడదు, బాగా ముడుచుకుని కూడా ఉండకూడదు. మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తుంటే ముందు సీటు మరీ కిందికి ఉందేమో చూడండి.

అబాయా, దుపట్టా, వెడల్పు షల్వార్ అంచులు పెడల్‌లోగానీ చక్రంలోగానీ చిక్కుకునే ప్రమాదం ఉంది. ఆడవాళ్ల బ్యాచ్ అయితే అబాయా తీసి, పొడవు చేతుల కుర్తా, కాలి మడమ దగ్గర బిగుతుగా ఉండే పైజామా వేసుకోవచ్చు. తల మీద వేలాడని, పిన్ను పెట్టిన స్కార్ఫ్ సరిపోతుంది. బూట్ల లేసులు లోపలికి దోపుకోండి.

మొదటి నెల ఎలా?

మొదటి వారం: క్లాసు 45 నిమిషాలైనా మీరు 20, 25 నిమిషాలు తొక్కితే చాలు. మార్కు 4, 5 దాటనివ్వకండి. సీటు మీద నుంచి లేవొద్దు. మిగతా సమయం నాబ్ వదిలేసి నెమ్మదిగా కాళ్లు ఆడిస్తూ ఉండొచ్చు. క్లాసు మొదలయ్యే ముందే ఇన్‌స్ట్రక్టర్‌తో "మేడమ్, నాకిదే మొదటిసారి, నేను మెల్లగా చేస్తాను" అని చెప్పండి. మంచి ఇన్‌స్ట్రక్టర్ అయితే ఆ మాట వినగానే వచ్చి సీటు సరిచేస్తుంది.

రెండో వారం: సమయం పెంచండి, బరువు పెంచకండి. రెండు క్లాసుల మధ్య కనీసం ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.

మూడో వారం: పూర్తి క్లాసు కూర్చోగలిగితే మార్కు 5, 6కు రండి.

నాలుగో వారం: ఒక నిమిషం 7 దగ్గర, ఆ తర్వాత రెండు నిమిషాలు 4 దగ్గర. ఇలా నాలుగైదు సార్లు. రెండో నిమిషం ముగిసేసరికి మళ్లీ వాక్యం పూర్తిగా చెప్పగలుగుతున్నారా చూసుకోండి. చెప్పలేకపోతే తర్వాతి రౌండ్ వదిలేయండి.

మొదట ఐదారు నిమిషాలు వార్మప్, చివర ఐదు నిమిషాలు నెమ్మదిగా తొక్కడం ఎప్పుడూ మానొద్దు. వేగంగా తొక్కి ఒక్కసారిగా దిగితే కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉంది. మగ్రిబ్‌కు ఇంటికి చేరాలనే తొందర ఉంటే మధ్యలో ఒక రౌండ్ తగ్గించుకోండి, చివరి ఐదు నిమిషాలు మాత్రం కోసుకోకండి.

మొత్తం మీద ఎంత కావాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ అవసరం. రెండు క్లాసులు, మిగతా రోజుల్లో రోజూ అరగంట చురుగ్గా నడక ఉంటే మధ్యస్థ లెక్క నిండిపోతుంది. ప్రతి క్లాసులోనూ చచ్చేంత కష్టపడాల్సిన అవసరం ఎక్కడా లేదు.

'డబ్బు వసూలు' ఆలోచన ప్రమాదం

మొదటి క్లాసు ఫ్రీ ట్రయల్ అయినా, ప్యాకేజీ డబ్బు కట్టేసినా మనకు ఒకే ఆలోచన వస్తుంది. వచ్చాం కదా, పూర్తిగా వసూలు చేసుకుందాం అని. ఫంక్షన్ భోజనం విషయంలో అది నడవొచ్చు, ఇక్కడ నడవదు.

2017లో అమెరికన్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అక్కడి డాక్టర్లు ఒక హెచ్చరిక రాశారు. మొదటిసారి స్పిన్ క్లాసుకు వెళ్లి, శక్తికి మించి తొక్కి ఆసుపత్రి పాలైన వాళ్ల గురించి అది. ఆ పరిస్థితిని రాబ్డోమయోలిసిస్ అంటారు. అలవాటు లేని భారానికి కండరాల కణాలు పగిలి, అందులోని పదార్థాలు రక్తంలో కలుస్తాయి. అవి కిడ్నీలను దెబ్బతీయగలవు. ఇది అరుదే. కానీ ముసలివాళ్లకే వస్తుందనుకోవద్దు. బలంగా, యవ్వనంలో ఉన్న కుర్రాళ్లు తమ కాళ్ల మీద నమ్మకంతో మొదటి రోజే హద్దు దాటుతారు. జిమ్‌లో బరువులు ఎత్తే అలవాటు ఉన్నా, ఈ రకం తొక్కుడు వాళ్ల తొడలకు కొత్తదే.

మామూలు ఒళ్లు నొప్పులకు, దీనికి తేడా తెలుసుకోవాలి. మామూలు నొప్పి రెండో రోజు పెరిగి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. తొడలు వాచిపోవడం, భరించలేనంత నొప్పి, కాలు మడవలేకపోవడం, మూత్రం టీ డికాషన్ రంగులో రావడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. "మొన్న సైకిల్ క్లాసుకు వెళ్లాను" అని డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు వేసుకుని కూర్చోవడం మంచిది కాదు, వాటిలో కొన్ని కిడ్నీల మీద ఇంకా భారం వేస్తాయి.

షుగర్, బీపీ ఉన్నవాళ్లు

షుగర్, బీపీ ఉన్నాయని సైకిల్ క్లాసు మానుకోవాల్సిన పని లేదు. ఇలాంటి వ్యాయామం ఆ రెండింటికీ మేలు చేస్తుంది. కానీ మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను కలవాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, నడిస్తే ఛాతీ బిగుసుకునేవాళ్లు, గర్భిణులు, ఈమధ్యే కాన్పు లేదా ఆపరేషన్ అయినవాళ్లు కూడా అంతే.

బీపీకో గుండెకో అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ల గుండె వేగం ఆ మందు వల్లే తక్కువగా ఉంటుంది. వాచీలో 110 చూసి "ఇంకా 130 రాలేదు" అని నాబ్ బిగిస్తూ పోతే చిక్కుల్లో పడతారు. వీళ్లు అంకె వదిలేసి మాట పరీక్షనే పాటించాలి.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకు తొక్కుతుండగా షుగర్ పడిపోవచ్చు. క్లాసుకు ముందు ఒకసారి పరీక్ష చేసుకోండి. 90 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిన్నాకే మొదలుపెట్టాలి. సంచిలో గ్లూకోజ్ గానీ రెండు మూడు ఖర్జూరాలు గానీ ఉంచుకోండి. చెమటలు పట్టడం, వణుకు, తికమక కనిపిస్తే ఆపేయండి. క్లాసులో చెమట అందరికీ పడుతుంది కాబట్టి దాన్ని పట్టించుకోకుండా పోయే ప్రమాదం ఉంది. అందుకే మీకు షుగర్ ఉందన్న విషయం ఇన్‌స్ట్రక్టర్‌కు ముందే తెలియాలి. షుగర్ పడిపోవడం వ్యాయామం అయిపోయాక చాలా గంటలకు, రాత్రి నిద్రలో కూడా జరగొచ్చు.

ఛాతీలో నొప్పి లేదా బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్లు చీకట్లు కమ్మడం, గుండె దడదడలాడటం. వీటిలో ఏది వచ్చినా ఆ రౌండ్ పూర్తిచేయాలని చూడకండి. వెంటనే ఆపండి, ఎవరినైనా పిలవండి.

రంజాన్‌లో ఎలా?

రోజా ఉన్నప్పుడు క్లాసు మానేయాలా అని చాలామంది అడుగుతారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తేలికపాటి శ్రమతో కొనసాగించొచ్చు. కానీ ఆ నెలలో లక్ష్యం మార్చుకోవాలి. ఉన్న శక్తిని నిలుపుకుంటే చాలు, పెంచుకోవడం ఈద్ తర్వాత చూసుకోవచ్చు.

ఇఫ్తార్ అయి, కడుపు కొంచెం తేలికయ్యాక, నీళ్లు తాగి తొక్కడం అన్నింటికంటే సురక్షితం. ఇఫ్తార్‌కు ముందే కుదిరితే చివరి అరగంటలో, మార్కు 3, 4 దాటకుండా ఉండాలి. నీళ్లు తాగని ఒంట్లో అదే బరువుకు గుండె ఎక్కువ కష్టపడుతుంది. మామూలు రోజుల్లో పెట్టే నాబ్ ఆ రోజు బరువుగా అనిపిస్తే అది బలహీనత కాదు, లెక్క ప్రకారం జరగాల్సిందే.

షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ఇఫ్తార్‌కు ముందు కష్టమైన వ్యాయామం పెట్టుకోకూడదు. వాళ్ల విషయంలో తరావీహ్ నమాజును కూడా రోజు వ్యాయామంలో భాగంగానే లెక్కించాలని డయాబెటిస్, రంజాన్ మీద వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. షుగర్ 70 కంటే కిందికి పడినా, 300 దాటినా రోజా విరమించాలని కూడా ఆ మార్గదర్శకాల్లో ఉంది. రంజాన్ రాకముందే ఒకసారి డాక్టర్‌తో మందుల సమయాలు మాట్లాడుకోవడం అందరికంటే వీళ్లకు ముఖ్యం.

రెండో రోజు వెళ్లడమే గెలుపు

మళ్లీ ఆ వెనక వరుసలోని తల్లి దగ్గరికి వద్దాం. ఇన్‌స్ట్రక్టర్ అదే మాట అంటుంది: "ఒక ఫుల్ టర్న్ పెంచండి!" ఈసారి ఆమె నోటిలో దాల్చా, గోంగూర వాక్యం అనుకుంటుంది. సగంలో ఊపిరి ఆగింది. చేయి నాబ్ మీద పెట్టి, తిప్పకుండా అలాగే ఉంచుతుంది. లేదంటే పావు టర్న్ తిప్పుతుంది. పక్కనున్న కాలేజీ అమ్మాయి చూడదు. ఎవరూ చూడరు. అందరూ తమ తమ ఊపిరి సంగతి చూసుకుంటుంటారు.

25 నిమిషాలకు నాబ్ వదిలేసి, మిగతా క్లాసంతా మెల్లగా కాళ్లు ఆడిస్తుంది. మర్నాడు తొడలు కొంచెం పట్టేసినట్టు ఉంటాయి. మెట్లు మాత్రం దిగగలదు, సజ్దాకు వెళ్లి లేవగలదు. ఇంట్లో "మనకెందుకమ్మీ" అనే మాట రాదు. ఎల్లుండి మళ్లీ సంచిలో స్కార్ఫ్, నీళ్ల సీసా, రెండు ఖర్జూరాలు పెట్టుకుని బయల్దేరుతుంది. నెల తిరిగేసరికి కూతురే "అమ్మీ, రేపు నేనూ వస్తా" అంటుందేమో.